కూటమి మారిన విమానం, ఎడారిలో చిక్కిన చీర

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. ఎమ్మిగనూరు బస్టాండు ఎదురుగా ఎనిమిదడుగుల గదిలో ఇరవై ఆరేళ్లు విమానం టికెట్లు అమ్మాను. ఆ గదిని నేను వర్ణిస్తే విన్నవాళ్లు దాన్ని శంషాబాద్ విమానాశ్రయానికి చిన్నాన్న కొడుకు అనుకునేవాళ్లు. అందుకే నేను నోరు తెరవగానే నా భార్య అవతలివాళ్ల వైపు తిరిగి, "సగం తీసేసి వినండి" అంటుంది. మీరూ అట్లాగే సగం తీసేసి చదవండి. ఏ సగం తీయాలో తేలక తికమక పడితే కంగారు పడకండి. అచ్చంగా నేను పుట్టించిన ముక్క ఏదో చివర్లో నేనే చెబుతాను.

నా పేరు సుంకన్న. ఊర్లో టికెట్ సుంకన్న అంటేనే తెలుస్తుంది. ప్రమోషన్ల గురించి ఇందులో ఏమీ రాయను. నా ఆఫీసులో ఉన్నది ఒకే కుర్చీ, దాంట్లో మొదటిరోజు నుంచి నేనే కూర్చున్నాను. యాభై ఐదేళ్లకే పని మానేశాను. ప్రతివాడి ఫోన్లోకీ టికెట్ల అంగడి వచ్చేసింది కాబట్టి మానేశానని అందరితోనూ చెబుతాను. అసలు కారణం ఒక చీర. అది కూడా సగం నేసిన చీర.

పెట్టెకు నోరుందా?

సొంత గది తెరవకముందు ఆదోనిలో ఖాదర్ సాబ్ దగ్గర నాలుగేళ్లు పనిచేశాను. ఆరడుగుల మనిషి. కోపం వస్తే ఏడడుగులు. గల్ఫ్‌కు పోయే తాపీ పనివాళ్లకు, డ్రైవర్లకు, వంటమనుషులకు చుట్టుపక్కల నాలుగు తాలూకాల్లో ఆయనే దిక్కు.

నేను చేరిన కొత్తల్లో కోసిగి నుంచి ముగ్గురు ఈరన్నలు వచ్చారు. కోసిగి వైపు రాయి విసిరితే ఈరన్నకు తగులుతుంది, తగలకపోతే వాళ్ల తమ్ముడు చిన్న ఈరన్నకు తగులుతుంది. ముగ్గురికీ ఒకే విమానం, ఒకే రకం అట్టపెట్టె, పెట్టె మీద ఒకే రాత: ఈరన్న, కోసిగి. మనుషులు ముగ్గురూ క్షేమంగా దిగారు. పెట్టెలు మాత్రం ఒకరివి ఒకరికి వెళ్లిపోయాయి. పనిముట్లు ఉన్న పెట్టె వంటమనిషికి, ఎండు జొన్నరొట్టెలు ఉన్న పెట్టె తాపీ మేస్త్రీకి చేరాయి. ముగ్గురూ మూడు వేర్వేరు ఊర్లలో పనికి కుదిరినవాళ్లు కాబట్టి మార్చుకోవడానికి కూడా వీల్లేదు. మేస్త్రీ వారం రోజులు ఆ రొట్టెలతోనే గోడ కట్టాడని నేను చెబుతుంటాను. అది నమ్మకండి.

ఆ రోజు ఖాదర్ సాబ్ నన్ను ఎదురుగా నిలబెట్టి అడిగాడు.

"సుంకన్నా, మనిషికి నోరుంది. దోవ తెలీకపోతే అడుక్కుంటా పోతాడు. పెట్టెకు నోరుందా?"

"లేదు సాబ్."

"మరి నువ్వు మనిషికే దోవ చెప్తివి. పెట్టెకు ఎవడు చెప్తాడు, మీ తాతనా?"

ఆ తర్వాత ఒక తెల్ల కాగితం, పెన్సిలు తీసి నాకు ఒక పద్ధతి నేర్పాడు. ప్రయాణంలో తగిలే ప్రతి విమానాశ్రయానికీ ఒక డబ్బా గీయాలి. డబ్బాకూ డబ్బాకూ మధ్య బాణం గీయాలి. బాణం మీద, పెట్టె ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోతుందో రాయాలి. ఏ చేయో తెలియకపోతే అక్కడ ప్రశ్న గుర్తు పెట్టాలి.

"ఆ గుర్తు పోయేదాకా టికెట్ కొట్టొద్దు. గుర్తు ఉండంగానే టికెట్ కొడితివా, రేపటి నుంచి నా అంగడి మెట్లెక్కొద్దు" అన్నాడు.

ఈ ఉద్యోగం మొత్తం ఆ కాగితంలోనే ఉంది. మనం అమ్మేది టికెట్ అనుకుంటాం. ముక్కూమొహం తెలియని చేతుల మీద మనం పెట్టిన నమ్మకాన్ని ఇంకొకరికి అమ్ముతున్నాం. ఆ చేతులు ఎవరివో తెలుసుకోకుండా అమ్మడం మోసం అని అప్పుడు నాకు తట్టలేదు.

కండువా మారింది

ఇక అసలు సంగతికి వస్తాను. కంపెనీల అసలు పేర్లు రాయను. లాయరును పెట్టుకునే స్తోమత లేదు. తోక మీద చారలున్న విమానాలు నడిపే పెద్ద కంపెనీ ఒకటి ఉండేది. దాన్ని చారల తోక అందాం. దాని పెట్టుబడితో పుట్టి, చిన్న చిన్న ఊర్లకు తిరిగే కంపెనీ ఇంకొకటి. దాని తోక మీద చుక్కలుండేవి. చుక్కల తోక అందాం. చారల తోక అన్న, చుక్కల తోక తమ్ముడు.

విమాన కంపెనీలు ప్రపంచంలో కూటములు కట్టుకుంటాయి. ఒక కూటమిలో ఉన్నవాళ్లు ఒకరి ప్రయాణికుణ్ణి ఇంకొకరు ఇంటి మనిషిలాగా చూస్తారు. ఒకే టికెట్ మీద ఇద్దరు ముగ్గురి విమానాలు ఎక్కొచ్చు. సామాను మొదటిచోట అప్పజెప్పి చివరిచోట తీసుకోవచ్చు. ఎక్కినకొద్దీ ఒకరి దగ్గర మన ఖాతాలో జమపడే మైళ్లను ఇంకొకరి దగ్గర వాడుకోవచ్చు. చారల తోక ఎన్నో ఏళ్లుగా ఒక కూటమిలో ఉండేది. దానికి పావురాల కూటమి అని పేరు పెడుతున్నాను.

ఒకరోజు పొద్దున ఈ-మెయిల్ వచ్చింది. ఫలానా తేదీ నుంచి చారల తోక పావురాలను వదిలి కొంగల కూటమిలో చేరుతోందట. పదకొండు పేజీలు. మొదటి పేజీలో ప్రయాణికులకు ఏమీ మారదని ఉంది. మిగతా పది పేజీల్లో మారేవన్నీ ఉన్నాయి. దాన్ని మూడుసార్లు చదివాను. మొదటిసారి కొంచెం అర్థమైంది. మూడోసారికి ఆ కొంచెం కూడా పోయింది.

మొదటి దెబ్బ ఆదోని పత్తి వ్యాపారి బసప్పకు తగిలింది. ఏళ్ల తరబడి అదే కంపెనీలో తిరిగి తిరిగి బంగారు రంగు కార్డు సంపాదించిన మనిషి. దాన్ని చూపిస్తే విమానాశ్రయాల్లో మెత్తటి కుర్చీల గదిలోకి రానిస్తారు. ఆయన ఫోన్ చేశాడు.

"సుంకన్నా, నా కార్డు పావురాలదా, కొంగలదా?"

"కార్డు కంపెనీది సార్. కంపెనీ ఇప్పుడు కొంగలది."

"మరి నేను?"

తర్వాతి ప్రయాణంలో ఆయన అలవాటు ప్రకారం, విమానం మారే గల్ఫ్ ఊర్లో, దాన్ని ఎడారి ఊరు అందాం, విమానాశ్రయంలో పాత గదికి వెళ్లాడు. అది పావురాలదని, కొంగల గది అవతలి టెర్మినల్లో ఉందని చెప్పారట. అక్కడికి నడిచేలోపల విమానం పిలుపు వచ్చేసింది. "గ్లాసు తలుపు బయట నుంచి లోపల ఇడ్లీలు చూసి వస్తి అప్పా" అన్నాడు. ఆ కార్డును ఆయన దేవుడి పటాల పక్కన పెట్టి ఊదుబత్తి వెలిగించేవాడని నేను ఊరంతా చెప్పాను. కార్డు బీరువాలోనే ఉండేది.

బసప్పకు పోయింది మెత్తటి కుర్చీ ఒక్కటే. రంగప్ప సంగతి అట్లాంటిది కాదు.

నా సగమన్నా పోనీ

రంగప్ప మా ఊరి నేతమనిషి. అరవై దాటాయి. నెలకు నాలుగు మాటలు మాట్లాడతాడు. ఆయన భార్య లక్షుమ్మ ఆయన వాటా కూడా కలుపుకుని మాట్లాడుతుంది. ఇంట్లో ఒకే మగ్గం. పొద్దున ఆయన, ఎండ తిరిగాక ఆమె. ఒక చీరలో ఎక్కడిదాకా ఆయన చెయ్యి, ఎక్కడి నుంచి ఆమె చెయ్యి అని నేను ఎన్నోసార్లు వెతికాను. కనిపించలేదు.

చలిదేశంలో ఒక ఊర్లో చేతిపనుల మేళా పెట్టి, పది రోజులు జనం ముందర కూర్చుని నేసి చూపించమని రంగప్పను పిలిచారు. పిలుపు ఒక్కరికే. మగ్గం చట్రాన్ని కొలతలు తెప్పించుకుని వాళ్లే అక్కడ చేయించి పెడతామన్నారు. నిలువు పోగుల పడుగు, అడ్డపోగు నడిపే నాడెలు, పోగులను వరసగా పట్టే పళ్ల అచ్చు ఈయన తీసుకుపోవాలి. రంగప్ప పాస్‌పోర్టు కోసం, వీసా కోసం తిరుగుతున్న రోజుల్లో మగ్గం మీదున్న చీరను లక్షుమ్మ ఒక్కతే సగందాకా నేసింది.

ఇద్దరూ కలిసి నా గదికి వచ్చారు.

"కొత్త పడుగు పెట్టుకోని పోవచ్చు గదమ్మా" అన్నాను.

"దానికి దినాలు యాడుండాయప్పా?" అంది లక్షుమ్మ. "ఇంగొకటి, మా ఇండ్లల్లో మగ్గం మీద ఎక్కిన చీరను మధ్యలో కొయ్యం. కొంగు పడినాకనే కత్తెర. అందుకే నేసినకాడికి చుట్టి, పడుగు పడుగుమాదిరే కర్రతో సహా పంపిస్తాండా."

"శానా పొడుగుంటాది గదమ్మా మూట?"

"ఉండనీ. ఈయప్పతో నేనెట్లా పోలేను. నా సగమన్నా పోనీ. ఈయప్ప ఆడ కూసోని మిగతా సగం నేసుకోని రావల్ల."

భార్య చెబుతున్నంతసేపూ రంగప్ప గోడమీది ప్రపంచపటంలో ఆ ఊరు ఎక్కడుందో వెతుకుతూ నిలబడ్డాడు.

ఇక్కడ రెండు దారులు కనిపించాయి. మేళాకు రెండు రోజులు ముందు బయల్దేరితే చారల తోక ఇంకా పావురాల కూటమిలోనే ఉంటుంది. ఎడారి ఊర్లో దిగి ఆ కూటమిలోనే ఇంకో కంపెనీ విమానం ఎక్కొచ్చు. ఒకే టికెట్, మూట నేరుగా చివరిదాకా పోతుంది. మేళా నాటికి చేరేట్టు బయల్దేరితే చారల తోక కొంగల్లో కలిసిపోయి ఉంటుంది, ఆ ఒకే టికెట్ ఇక దొరకదు. ఎడారి ఊరి దాకా చారల తోకలో, అక్కడి నుంచి చుక్కల తోకలో, విడివిడిగా రెండు టికెట్లు నేనే అతికించాలి.

"ముందే పోతా పో సుంకన్నా" అన్నాడు రంగప్ప. ఆ నెలలో అది ఆయన మొదటి మాట అయి ఉంటుంది. "ఆ రెండు దినాలు యాడో ఒక మూల పడుంటా."

"ఏంటికప్పా ఆ చలిలో? అన్న యాడుంటే తమ్ముడు ఆడనే. మూట సీదా పోతాది, ఏం ఫరవాలేదు" అన్నాను.

ఎందుకన్నానో చెబుతాను. మా సీమలో పెద్దాయన కండువా మార్చాడంటే తెల్లారేసరికి ఆయన తమ్ముడు, బామ్మర్ది, డ్రైవరు, ఇంటిముందరి ఫ్లెక్సీ, ఎదురుగా ఉన్న టీ అంగడి గోడ రంగు అన్నీ మారిపోతాయి. చివరికి ఆయన కుక్క కూడా కొత్త పార్టీవాళ్లను చూస్తే తోక ఊపుతుంది. చారల తోక కొంగల్లో చేరితే దాని తమ్ముడు చుక్కల తోక చేరకుండా ఎక్కడికి పోతుంది అనుకున్నాను. విమానాల కూటమిని కూడా మా వీధి రాజకీయంతోనే కొలిచాను. ఖాదర్ సాబ్ నేర్పిన డబ్బాల బొమ్మ ఆ రోజు గీయలేదు. మరిచిపోయాను.

గాజు తలుపుకు ఇవతల

రంగప్పను సాగనంపడానికి బస్సులో ఆయనతో పాటు నేనూ శంషాబాద్ వెళ్లాను. మూటను లక్షుమ్మ పాత దుప్పటిలో చుట్టి, పైన గోనె కుట్టింది. దాని ఒక కొన డ్రైవర్ దగ్గర, రెండో కొన వెనక అద్దంలోంచి బయటికి ఉందని రాయాలని నా చెయ్యి లాగుతోంది. నిజానికి మనిషి ఛాతీ ఎత్తు ఉండేది. రంగప్ప దాన్ని దారిపొడవునా భుజానికి ఆనించుకునే కూర్చున్నాడు.

టికెట్ లేనివాణ్ణి లోపలికి పోనివ్వరు. నేను గాజు తలుపుకు ఇవతలే ఆగిపోయాను. పావుగంట తర్వాత రంగప్ప ఫోన్.

"సుంకన్నా, ఈ పాప ఏందో చెప్తాండాది. నాకు తెలీడం లేదు. మాట్లాడు."

ఫోన్లోకి కౌంటర్ అమ్మాయి వచ్చింది. "సర్, మీ ప్యాసింజర్ లగేజ్ ఎడారి ఊరి దాకే ట్యాగ్ అవుతుంది సర్. తర్వాతి ఫ్లైట్ వేరే టికెట్, వేరే కంపెనీ. వాళ్లకూ మాకూ లగేజ్ ఒప్పందం లేదు సర్. అక్కడ బయటికి వచ్చి, లగేజ్ తీసుకుని, మళ్లీ చెక్-ఇన్ చేసుకోవాలి."

"అది మీ తమ్ముడి కంపెనీయే కదమ్మా!"

"తమ్ముడు ఎవరు సర్?"

"చుక్కల తోక! మీరు కొంగల్లో చేరారు కదా, వాళ్లు చేరలేదా?"

"వాళ్లు ఏ అలయన్స్‌లోనూ లేరు సర్. ముందు కూడా లేరు. ప్యాసింజర్‌కు అక్కడి వీసా ఉందా సర్, బయటికి రావడానికి?"

వీసా లేదు. విమానాశ్రయం లోపల్లోపల ఒక విమానం దిగి ఇంకొకటి ఎక్కడానికి అవసరం లేదని నేనే చెప్పాను. మనిషి లోపల్లోపలే పోగలడు. మూట బయట తిరిగే పట్టీ మీదకు వస్తుంది. దాన్ని తీసుకోవడానికి మనిషి బయటికి రాలేడు. ఒక గోడకు అటు రంగప్ప, ఇటు ఆయన చీర.

రంగప్ప మళ్లీ ఫోన్ తీసుకున్నాడు. గాజులోంచి నాకు ఆయన కనిపిస్తున్నాడు. ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో మూట.

"చెప్పు సుంకన్నా. దీన్ని పంపల్నా, నువ్వు వాపసు ఎత్తుకపోతావా?"

పావురాలు, కొంగలు, అన్నలు, తమ్ముళ్లు అందరూ నా తలలో కలగలిసి ఎగురుతున్నారు. వాపసు తెస్తే లక్షుమ్మ మొహం చూడాలి.

"పంపప్పా. ఆడ లోపల ఎవరినన్నా అడిగితే వాళ్లే మార్పిస్తారు" అన్నాను.

మూట పట్టీ మీద పడుకుని పరదా చాటుకు వెళ్లిపోయింది. అది కనిపించకుండా పోయేదాకా రంగప్ప అక్కడి నుంచి కదల్లేదు.

ఎవరినడిగినా అవతలివాళ్లే

ఎడారి ఊర్లో రంగప్ప ఎవరెవరినో అడిగాడు. తనకు వచ్చిన నాలుగు మాటల్లో రెండు తెలుగు, ఒకటి కన్నడం, ఒకటి మా ఊరి ఉర్దూ. ఉర్దూ మాట ఒక ఊడ్చే మనిషికి అర్థమై, ఆయన ఒక బల్ల దాకా తీసుకుపోయాడు. బల్ల దగ్గరివాళ్లు చీటీ రాసిచ్చి, వెనకాలే వస్తుందన్నారు. మనిషి చేరాడు. మూట చేరలేదు.

ఆ పది రోజులు నేను చేసిన ఫోన్లు వెయ్యి. సరే, నలభై. చారల తోకవాళ్లు, "మేము ఎడారి ఊరి దాకా చేర్చాం సర్, అక్కడ ఎవరూ తీసుకోలేదు" అన్నారు. నిజమే. చుక్కల తోకవాళ్లు, "మా చేతికి ఇవ్వనే లేదు సర్" అన్నారు. అదీ నిజమే. విమానాశ్రయంవాళ్లు, "అది కంపెనీ వస్తువు" అన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ కసురుకోలేదు. అందరూ నిజమే చెబుతుంటే మూట ఎక్కడుందో ఎందుకు తేలడం లేదో నాకు అర్థం కాలేదు. ఒకసారి నేనే తిక్కపట్టి, "ఇంతకీ నేను పావురమా, కొంగనా?" అని అడిగాను. అవతలి అమ్మాయి, "సర్, మీ బుకింగ్ నంబర్ చెప్పండి" అంది.

ఏమీ పాలుపోక ఆదోనిలో ఖాదర్ సాబ్‌కు ఫోన్ చేశాను. ఆయనకు చెవుడు వచ్చింది, గొంతు మాత్రం తగ్గలేదు. అంతా విన్నాడు.

"అన్న మారితే తమ్ముడు మారతాడనుకుంటివా? మన తావ పెద్దోళ్ల ఇండ్లల్లో అన్న ఈ పార్టీ, తమ్ముడు ఆ పార్టీ. ఎవడు గెల్సినా ఇల్లు నిలవల్లని. ఇన్నేండ్లు ఈడ బతికి అది సూడలేదా?"

నా రాజకీయ జ్ఞానం కూడా సగమే అని అప్పుడు తెలిసింది.

"అది ఇడ్సు. డబ్బాలు గీసినావా?" అన్నాడు.

"లేదు సాబ్, మరిచిపోతి."

ఏడడుగులు లేచి తిడతాడని చెవికి దూరంగా పెట్టుకున్న ఫోన్‌ను మెల్లగా దగ్గరికి తెచ్చుకున్నాను. ఆయన అప్పటికే పెట్టేశాడు.

దువ్వెన

మేళాలో రంగప్పకు చక్కటి చట్రం చేసిపెట్టారు. దాని మీద వేయడానికి ఏమీ లేదు. మొదటి రోజు పొద్దంతా ఖాళీ మగ్గం ముందర చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట. వచ్చినవాళ్లు మగ్గాన్నీ ఆయన్నీ చూసి, తర్వాత ఆయన పేరున్న అట్టను చదివి ముందుకు పోయారట. ఆ సాయంత్రం లక్షుమ్మకు ఫోన్ చేసి, "వచ్చేస్తా" అన్నాడు.

"వచ్చి ఏం జేస్తావు? ఈడ మగ్గం మీద మాత్రం ఏముండాది?" అంది ఆమె. "ఆడ నూలు దొరకదా? అడుగు ఎవరినన్నా. అచ్చు లేకపోతే జేబులో దువ్వెన లేదా నీకు?"

మరునాడు పక్క దుకాణంలో ఉన్ని అల్లే ముసలామె దగ్గర సైగలతో రెండు ఉండలు తెచ్చుకున్నాడు. చట్రానికి అటూ ఇటూ పోగులు కట్టాడు. ఒక్కొక్క పోగునూ జేబు దువ్వెన పళ్ల మధ్యకు ఎక్కించాడు. ఆ దువ్వెనే అచ్చు. దాంతో మూడు వేళ్ల వెడల్పు పట్టీ నేశాడు. మిగిలిన తొమ్మిది రోజులూ దాన్ని చూడ్డానికి జనం మూగారు. నేను మూడు వేలమంది అంటాను. రంగప్ప ముప్పైమంది అంటాడు. కొందరు తమ దువ్వెనలు తెచ్చి నేర్చుకున్నారన్నది మాత్రం ఇద్దరమూ ఒప్పుకుంటాం.

ఇంటికొచ్చాక ఆ పట్టీని లక్షుమ్మ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని రెండువైపులా తిప్పి చూసింది.

"అంచు వంకర పోయినాది" అంది. తీసుకుపోయి మగ్గం గుంజకు కట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

మూట ఆయన వచ్చిన వారానికి హైదరాబాద్ చేరింది. నేనే పోయి తెచ్చాను. గోనె విప్పి, ఏదో వెతికి, మళ్లీ తెల్ల టేపుతో చుట్టారు. పోగులు అక్కడక్కడా తెగాయి. లక్షుమ్మ నేసిన సగం మడతల్లో మాసిపోయింది. ఆమె దాన్ని మగ్గానికి ఎక్కించి, తెగిన పోగులు ఒక్కొక్కటే ముడివేస్తుంటే నేను గడపలో నిలబడ్డాను.

"సుంకన్నా, నీకు తెలీదని ఆపొద్దే చెప్పింటే ఈయప్ప రెండు దినాలు ముందే పోయింటాడు గదప్పా" అంది తల ఎత్తకుండా.

"నాకు తెలీదని కూడా నాకు తెలీలేదమ్మా."

ఆమె ముడి బిగించి, కొన కొరికి, "సరే, తెలీనోడు ఏం జేస్తాడు. మజ్జిగ తాగుతావా?" అంది.

మిగతా సగం కూడా ఆమే నేసింది. రంగప్ప ఆ చీర దగ్గర కూర్చోలేదు. రెండు సగాలూ ఆమెవే అయిన చీర ఆ ఇంట్లో అదొక్కటే. నేను ఆ నెలాఖరుకు గది ఖాళీ చేశాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు

కంపెనీ కూటమి మారిందనగానే ఆకాశం ఊడిపడదు. ముందే కొన్న టికెట్‌ను మామూలుగా గౌరవిస్తారు. మైళ్ల విషయంలో టికెట్ కొన్న రోజు కాదు, విమానం ఎక్కిన రోజు చూస్తారని నాకు తెలిసింది. అయినా ప్రతిసారీ అడిగి రాయించుకోండి. బసప్పలాంటివాళ్లకు వాళ్ల మెత్తటి కుర్చీ ఏ టెర్మినల్‌కు మారిందో ముందే చెప్పండి. పాపం, పెద్దమనుషులు ఇడ్లీ దగ్గర అవమానం తట్టుకోలేరు.

అసలు చూడాల్సింది కూటమి పేరు కాదు. ఒకే టికెట్టా, రెండా? ఈ కంపెనీ చేతిలోంచి ఆ కంపెనీ చేతిలోకి సామాను మార్చే ఒప్పందం ఉందా? కూటమి లేకుండా ఒప్పందం ఉండొచ్చు. ఒక ఇంటివాళ్లయినా ఒప్పందం లేకపోవచ్చు. రెండు టికెట్లు అతికించారంటే ఆ అతుకు పూచీ మీదే. అది ఊడితే ఏ కంపెనీ రాదు. మారే తేదీకి అటూ ఇటూ పది రోజులు ప్రయాణం పెట్టుకునేవాళ్లను ముందుకో వెనక్కో జరగమని బతిమాలండి. ఇంతకు మించి నాకూ తెలియదు. ఆ పదకొండు పేజీలు ఇప్పటికీ అప్పుడప్పుడు తీసి చదువుతుంటాను. కొంగల దగ్గరికి వచ్చేసరికి పావురాలు మరిచిపోతాను.

పుట్టించిన ముక్క

మాటిచ్చినట్టే చెబుతాను. మూట పొడుగు, మూడు వేలమంది, జొన్నరొట్టెల గోడ, పార్టీ మారిన కుక్క, ఇవన్నీ మీరు ఈపాటికే తీసేసి ఉంటారు. అవి పెంచినవి, పుట్టించినవి కావు. కుక్క సంగతి పూర్తిగా చెప్పలేను.

నేను పుట్టించింది ఒక్కటే. డబ్బాల బొమ్మ గీయలేదన్నది. ఖాదర్ సాబ్‌కూ ఆ అబద్ధమే చెప్పాను.

గీశాను. ఏ ఊరికి, ఏ తేదీకి పోవాలో ముందే కబురు చేశారు కాబట్టి, రంగప్ప, లక్షుమ్మ రాకముందే ఆ పొద్దున పెన్సిలుతో గీశాను. హైదరాబాద్ డబ్బా, ఎడారి ఊరి డబ్బా, చలిదేశం డబ్బా. చారల తోక చేతిలోంచి చుక్కల తోక చేతిలోకి పోయే బాణం మీద ప్రశ్న గుర్తు పెట్టాను. కంపెనీకి రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ పాట వినిపించింది, మనిషి పలకలేదు. ఇంతలో వాళ్లిద్దరూ లోపలికి వచ్చారు. ఇరవై ఆరేళ్లు బల్ల వెనక కూర్చున్నవాణ్ణి, మగ్గం మనుషుల ముందర నాకు తెలియదని చెప్పడానికి నామోషీ అయింది. అన్నాతమ్ముళ్ల కథ అప్పటికప్పుడు అల్లాను.

లక్షుమ్మకు చదువు రాదు. కానీ నూలులో తెగిన పోగును పట్టే కళ్లు ఆమెవి. బల్ల మీది కాగితం చూసి, "ఇదేందప్పా, కొక్కి మాదిరి వంకరగుండాది?" అని అడిగింది.

"ఏం లేదులేమ్మా" అని రబ్బరుతో తుడిచేశాను.

మూట తిరిగొచ్చిన రోజు ఆమె మజ్జిగ ఇచ్చిన మాట నిజం. నేను తాగి గ్లాసు కింద పెట్టాక, "ఆపొద్దు కాగితం మీద కొక్కి మాదిరి గీసి తుడిపితివి గదా, అదేంది?" అని మళ్లీ అడిగిన మాటా నిజమే. గుర్తులేదన్నాను. ఆమె నా మొహం వైపు ఒకసారి చూసి, ఇంకో పోగు వెతుక్కుంది.

ఇది అచ్చయితే మొదటి పుస్తకం పట్టుకుని వాళ్లింటికి పోతాను. ఆమె చదవలేదు కాబట్టి ఈ పేజీ నేనే చదివి వినిపించాలి. అమ్మా, ఆ కొక్కిని ప్రశ్న గుర్తు అంటారు. తెలియనిచోట పెడతారు.